వై రేటింగ్ టైరులో స్క్రూ దిగింది: అతికించాలా, మార్చాలా?

మూడోగేరు:
నమస్కారం. నా కారులో నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది. నాలుగు టైర్లూ 245/35 ఆర్ 19 కొలతవే, స్పీడ్ రేటింగ్ వై, అంటే టైరు తట్టుకునే వేగానికి హద్దు గంటకు 300 కిలోమీటర్లు. కొత్తలో 8 మిల్లీమీటర్లున్న ట్రెడ్ (నేలను తాకే గాళ్ల పొర) లోతు ఇప్పుడు నాలుగింటికీ 5.5 మిల్లీమీటర్లకు వచ్చింది. మొన్న సాయంత్రం గాలి తగ్గిందని డ్యాష్‌బోర్డులో దీపం వెలగగా, నెమ్మదిగా నడుపుకుంటూ ఇల్లు చేరి చూస్తే, వెనుక కుడి టైరులో, ట్రెడ్ అంచుకు నాలుగు సెంటీమీటర్ల లోపల, ఒక స్క్రూ తల మెరుస్తూ కనిపించింది. పంక్చర్ వేయిస్తే చాలునని ఒకరు, ఇటువంటి కారుకు పంక్చర్ వేయడమేమిటి, టైరు మార్చాల్సిందేనని మరొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నల్లరబ్బరు:
ఇరవై రెండేళ్లుగా టైర్లు బాగుచేసే పనిలోనే ఉన్నాను కనుక కాస్త వివరంగా రాస్తాను. రంధ్రం ట్రెడ్ మధ్య భాగంలో ఉండి, వ్యాసం 6 మిల్లీమీటర్లు దాటకపోతే దానిని శాశ్వతంగా బాగుచేయవచ్చునన్నది టైర్ల పరిశ్రమ చాలాచోట్ల పాటించే కొలత. అయితే బాగుచేయడమంటే టైరు రిమ్ము మీద ఉండగానే బయటి నుంచి జిగురు తాడు గుచ్చి, మిగిలిన తోకను బ్లేడుతో కోసేయడం కాదు. అది దారిలో చిక్కుకున్నవాడు ఇల్లు చేరడానికి చేసుకొనే ఏర్పాటు మాత్రమే. టైరును విప్పి, లోపలంతా దీపం వెలుగులో చూసి, స్క్రూ ఏ వాలున దిగిందో గమనించి, అదే వాలున రంధ్రాన్ని డ్రిల్లుతో శుభ్రం చేయాలి. తరువాత లోపలి పొరను బఫ్ చేసి, అంటే గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూసి, దాని తడి పోయి కాస్త జిగట మిగిలేదాకా ఓపికపట్టి, కాడ రంధ్రాన్ని నింపేలా, గొడుగు లోపలి పొరను కప్పేలా పుట్టగొడుగు ఆకారపు మష్రూమ్ ప్యాచ్‌ను బయటికి లాగి, మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కుకుంటూ పోవాలి. కాడ లేకపోతే రంధ్రంలో నీరు దిగి ట్రెడ్ కింద ఉండే ఉక్కు తీగల పొరలు, అంటే స్టీల్ బెల్టులు, తుప్పు పడతాయి, గొడుగు లేకపోతే గాలి నిలవదు. ఇంత పద్ధతిగా చేసిన టైరు ట్రెడ్ అరిగేదాకా నడుస్తుంది. లోపల చూడకుండానే మార్చేయమనేవారికి బాగుచేయడంకన్నా అమ్మడం మీదనే ధ్యాస ఎక్కువని నా అభిప్రాయం.

వేగరేఖ:
నేను టైర్లు అమ్మేవాడిని కాను గనుక పై చివరి వాక్యాన్ని నాకు వర్తింపజేసుకోవడం లేదు. కానీ ఒక లెక్క చూడండి. ఈ కొలత టైరు వ్యాసార్ధం సుమారు 33 సెంటీమీటర్లు. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో దాని ట్రెడ్ మీద ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 1500 రెట్ల బలంతో బయటికి తన్నుకుంటుంది. మీరు పెట్టే ప్యాచ్ ఐదు గ్రాములే అనుకున్నా, ఆ వేగంలో అది ఏడున్నర కిలోల బరువుతో సమానం. చిన్న కారుకు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర అదే ప్యాచ్ కిలో పైచిలుకు మాత్రమే. మామూలు కారుకు చెల్లిన పద్ధతి ఈ కారుకూ చెల్లుతుందని అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. నా సలహా ఒక్కటే: మార్చండి.

పాతబోల్టు:
దీపం వెలిగాక ఎన్ని కిలోమీటర్లు నడిపారు? ఇల్లు చేరేసరికి టైరులో గాలి ఎంత ఉంది?

నల్లరబ్బరు:
వేగరేఖ గారూ, మీ అంకెలు సరైనవే, దిక్కే తప్పింది. ఆ బలం బయటి వైపుకు పనిచేస్తుంది, నేను ప్యాచ్ వేసేది టైరు లోపలి వైపున. అంటే మీరు చెప్పే ఏడున్నర కిలోలూ ప్యాచ్‌ను ఊడబెరకవు, ట్రెడ్‌కేసి ఇంకా అదుముతాయి. దానికి తోడు 36 పీఎస్‌ఐ గాలి చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోల చొప్పున నొక్కుతూ ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల గొడుగు మీద అదే యాభై కిలోలు. బయటి నుంచి గుచ్చిన తాడు విషయంలో మాత్రం మీ భయం న్యాయమే, దానిని విసిరేసేవైపే బలం ఉంటుంది. దానిని నేను మొదటే కాదన్నాను.

వేగరేఖ:
దిక్కు గురించి మీరు చెప్పినది ఒప్పుకొంటున్నాను, కానీ చక్రం గాలిలో తిరగదు, నేల మీద తిరుగుతుంది. ప్యాచ్ ఉన్న చోటు నేలను తాకిన ప్రతిసారీ గుండ్రంగా ఉన్న ట్రెడ్ చదునై, మళ్లీ వంపు తిరుగుతుంది. ఈ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు కనుక, నేను చెప్పిన వేగంలో అది సెకనుకు 34 సార్లు జరుగుతుంది. వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది, కోసిన బెల్టు తీగల కొసలు ఆ వేడిలో రబ్బరును ఒరుసుకుంటూ ఉంటాయి. మీ ప్యాచ్ ఊడకపోవచ్చు, దాని చుట్టూ ఉన్న టైరు సంగతేమిటి? బాగుచేసిన టైరుకు స్పీడ్ రేటింగ్ వర్తించదని కొందరు తయారీదారులు రాసేది ఊరకనేనా?

వానచినుకు:
ఇలాంటి కారే ఆరేళ్లుగా నడుపుతున్నాను, 300 అన్న అంకెను టైరు మీద తప్ప మరెక్కడా చూడలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?

నల్లరబ్బరు:
కొందరు తయారీదారులు అలా రాస్తారు, మరికొందరు పద్ధతి ప్రకారం ఒకసారి బాగుచేస్తే రేటింగ్ నిలుస్తుందంటారు. కాబట్టి ఆ టైరు చేసినవారు ఏమన్నారో ముందు చూడాలి, ఒకరి మాటను అందరికీ అంటగట్టకూడదు. రేసు ట్రాక్ మీదికి అతికించిన టైరుతో వెళ్లవద్దని నేను కూడా చెబుతాను. ఇక మార్చమని ఒక్క మాటలో తేల్చారు గానీ, ఎన్ని మార్చాలో చెప్పలేదు. మిగిలిన మూడు 5.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండగా ఒక్క చక్రానికి 8 మిల్లీమీటర్ల కొత్త టైరు వేస్తే, చుట్టుకొలతలో ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. కాగితం లెక్క ప్రకారం ఆ చక్రం కిలోమీటరుకు దాదాపు నాలుగు చుట్లు తక్కువ తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పంచే కారులో ఆ తేడాను, చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, క్లచ్ ప్లేట్లు క్షణం ఆగకుండా మోయాలి. అందుకే కొన్ని కార్ల పుస్తకాలు నాలుగూ కలిపి మార్చమంటాయి, లేదా కొత్త టైరు ట్రెడ్‌ను మిగిలినవాటి లోతుకు చెక్కించమంటాయి. ఒక స్క్రూ కోసం మంచివి మూడు పారేయమంటారా?

వేగరేఖ:
పారేయమనే అంటాను. గేర్‌బాక్స్ పోతే డబ్బు పోతుంది, టైరు పోతే మనిషి పోతాడు. నేను ఎందుకింత పట్టుదలగా ఉన్నానో చెబితే మీకు అర్థమవుతుందేమో. కొన్నేళ్ల కింద నేను సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాను. ఒకసారి విశాలంగా ఉన్న రోడ్డు మీద మలుపు తీసుకుంటుండగా వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. ఎలాగో ఆపగలిగాను. టైరు విప్పించి చూస్తే, ట్రెడ్, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కలిసే భుజం దగ్గర, బాగుచేయనే కూడని చోట, బయటి నుంచి గుచ్చిన పాత ప్లగ్ ఒకటి ఉంది. దాని తల మీద నల్లటి పాలిష్ పూసి ఉండటంతో కొనేటప్పుడు నా కంటపడలేదు. అమ్మినవారిని అడిగితే టైర్ల సంగతి తమకు తెలియదన్నారు. ఎవరో మీలాంటి నిపుణులే, ఏం కాదులెండి అని ఒకరికి చెప్పి ఉంటారు.

నల్లరబ్బరు:
భుజం దగ్గర గుచ్చినవాడిని నిపుణుడని పిలిచి, పైగా నాలాంటివాడని రాయడం మీకు తగునా? అటువంటి పని అడిగితే కాదని చెప్పి పంపించాను, ఆ కోపంతో వెళ్లినవాళ్లు పక్క వీధిలో పది నిమిషాల్లో తాడు గుచ్చించుకుని, నా ముందు నుంచే నడుపుకుంటూ పోయారు. టైరు విప్పి చేయాలి, గంట పడుతుందంటే నూటికి తొంభైమంది లేచిపోయే చోట, ఆ గంట పని చేసేవాడిని, తాడు గుచ్చేవాడిని మీరు ఒకే గాటన కట్టారు. మీ టైరును పాడుచేసింది పంక్చర్ వేయడం కాదు, వేయకూడని చోట వేయడం, వేసి దాచడం.

వేగరేఖ:
చివరికి మీరే ఆ మాట అన్నారు. నా గొడవంతా దాచడం గురించే. ప్యాచ్ వేసిన మీకు తెలుసు, వేయించుకున్న యజమానికి తెలుసు, కాబట్టి ఆయన జాగ్రత్తగా నడుపుకుంటాడు. రెండేళ్లకు కారు చేతులు మారుతుంది. కొత్తవాడు సైడ్‌వాల్ మీద వై అన్న అక్షరం చూసి, దానిని నమ్మి, ఒక ఖాళీ రోడ్డు మీద ఆ కారును కొన్నదెందుకో ఆ పని చేస్తాడు. రేటింగ్ తగ్గిందని ఆ అక్షరం తనంతట తాను చెరిగిపోదు కదా. మామూలు కారులో ఈ ప్రశ్న రాదు, ఎందుకంటే దాని టైరు హద్దుకు దరిదాపుల్లోకి కూడా ఎవరూ వెళ్లరు.

నల్లరబ్బరు:
ఇది మీరు మొదటి రోజే రాసి ఉంటే నేను ప్యాచ్ బరువు గురించి పేజీలు నింపేవాడిని కాను. నేను వేసిన ప్రతి ప్యాచ్ పక్కన తేదీని పసుపు మార్కర్‌తో రాస్తాను.

వేగరేఖ:
టైరు లోపలే కదా? కారు కొనేవాడు రిమ్ము విప్పి చూస్తాడా?

నల్లరబ్బరు:
చూడడు. బయట రాస్తే యజమాని ఊరుకోడు, కారు అమ్ముకునేటప్పుడు తుడిచేస్తాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, కానీ అందుకని బాగుచేయదగిన ప్రతి టైరునూ పారేయించడం కూడా నాకు సబబుగా తోచదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతంగా రాసినవి ఒకసారి తిరిగి చదువుకోవలసిందిగా మనవి. అడిగినవారికి ఇంకా జవాబు దొరకలేదు.

పాతబోల్టు:
నా ప్రశ్నకూ జవాబు రాలేదు. ఎన్ని కిలోమీటర్లు? గాలి ఎంత?

మూడోగేరు:
క్షమించాలి, అది అంత ముఖ్యమని నాకు తట్టలేదు. దీపం వెలిగాక పదకొండు కిలోమీటర్లు వచ్చాను. ఇంటి దగ్గర గేజి పెట్టి చూస్తే 9 పీఎస్‌ఐ ఉంది.

నల్లరబ్బరు:
పాతబోల్టు గారికి దండం పెట్టాలి. నేను మొదట అడగవలసిన మాట అది. 35 శ్రేణి టైరుకు, అంటే వెడల్పులో 35 శాతమే ఎత్తున్నదానికి, సైడ్‌వాల్ ఎత్తు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే కనుక, 9 పీఎస్‌ఐతో అంత దూరం నడిస్తే అది రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిపోయి ఉంటుంది. స్క్రూను పీకకుండా, టైరు విప్పించి లోపల వేలితో తడిమి చూడండి.

మూడోగేరు:
ఈ ఉదయం విప్పించాను. స్క్రూ నాలుగు మిల్లీమీటర్లది, నిటారుగా దిగింది, రంధ్రం మటుకు బాగుచేయదగినదే. కానీ టైరు అడుగున, పెన్సిలు చెక్కాక మిగిలే పొడిలాగా, నల్లటి రబ్బరు పొడి చారెడు పోగుపడి ఉంది. సైడ్‌వాల్ లోపలి వైపున చుట్టూతా ఒక గీత తిరిగింది, ఆ గీత మీద వేలితో రాస్తే పొర లేచి, కింద దారాలు కనిపించాయి. బయటి నుంచి చూస్తే మాత్రం కొత్త టైరులాగే ఉంది. విప్పినవారే ప్యాచ్ వేయనన్నారు. అదే రకం టైరు ఒకటి తెప్పించి, ట్రెడ్ 5.5 మిల్లీమీటర్లకు చెక్కించుకుంటున్నాను.

వేగరేఖ:
మంచి నిర్ణయం. పాత టైరు ఏం చేశారు?

నల్లరబ్బరు:
నేనూ అదే అడగబోతున్నాను. దానిని అక్కడే వదిలేస్తే, ట్రెడ్ బాగుంది కదా అని ఎవరో రంధ్రం పూడ్చి అమ్మేస్తారు. సైడ్‌వాల్ కోయించేయండి.

మూడోగేరు:
కోయించాను, రెండు వైపులా, జానెడు చొప్పున.