కర్నూలు పెద్దాసుపత్రికి గాడిచర్ల పేరు పెట్టాలా?

బుధవారపేట వాసి:
ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. కర్నూలులోనే పుట్టి, 1908లో ‘స్వరాజ్’ పత్రిక సంపాదకీయానికి జైలుపాలైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరు మన సర్వజన వైద్యశాలకు ఎందుకు ఉండకూడదు? స్వాతంత్ర్యం తర్వాత సికింద్రాబాదులో కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి గాంధీ ఆసుపత్రి అయింది. ఢిల్లీలో ఇర్విన్ ఆసుపత్రికి జయప్రకాశ్ నారాయణ్ పేరు, విల్లింగ్డన్ ఆసుపత్రికి రామమనోహర్ లోహియా పేరు వచ్చాయి. ఇర్విన్, విల్లింగ్డన్ ఇద్దరూ వైస్రాయిలు. ఇద్దరి ఏలుబడిలోనూ గాంధీజీ జైలుకు వెళ్లారు. అలాంటి పేర్ల కింద స్వతంత్ర దేశపు రోగులు వరుస కట్టడం అవమానం కాదా? ఆ మార్పు న్యాయమైనది.

నంద్యాల ఉపాధ్యాయుడు:
న్యాయమైనదే. కానీ అక్కడ చెరిపేయవలసిన దొర పేరు ఉంది, ఇక్కడ లేదు. మన వైద్య కళాశాల 1956లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న చివరి ఏడాదిలో, ఊరి పేరుతో మొదలైంది. ఆ పేరును పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. గద్వాల నుంచి, రాయచూరు నుంచి వచ్చే రోగులు కూడా కర్నూలు పెద్దాసుపత్రి అనే అడుగుతారు.

ఇంకో సంగతి. కలకత్తాలో చిత్తరంజన్ దాస్ తన సొంత ఇంటినే ప్రజలకు రాసిచ్చారు. 1926లో అందులో స్త్రీల కోసం ఆసుపత్రి వెలిసింది, చిత్తరంజన్ సేవాసదన్ అన్నారు. పేరుకూ పనికీ అక్కడ బంధం ఉంది. గాడిచర్ల జీవితమంతా గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు ధారపోశారు. ఆయనకు తగిన చోటు గ్రంథాలయం. మందుల కొరత, పడకల కొరత ఉన్న చోట ఆ మహానుభావుడి పేరు పెడితే, జనం విసుగు ఆ పేరు మీద పడుతుంది. అదే నా భయం.

కడప మిత్రుడు:
మా ఊళ్లో రిమ్స్ ఉంది. అందులో మొదటి అక్షరం రాజీవ్ గాంధీది. ఎవరికి గుర్తుంది? విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కు మారింది. ఒకసారి మొదలుపెడితే ఇదే వరస. పేర్ల జోలికి వెళ్లకండి.

బుధవారపేట వాసి:
కడప మిత్రమా, ఆ మార్పులు నా వాదనకే బలం. పార్టీల నాయకుల పేర్లు ప్రభుత్వాలతో మారుతాయి. స్వాతంత్ర్య యోధుల పేర్లను ఏ పార్టీ అయినా తీయగలదా? గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాదులోని పాత జైలు స్థలానికి తరలింది. భవనం మారింది, స్థలం మారింది, ఎన్నో ప్రభుత్వాలు మారాయి. పేరు మాత్రం వెంట నడిచింది. నేటికీ ఆటోవాళ్లు ‘గాంధీ’ అంటే చాలు, అర్థం చేసుకుంటారు. పొడుగాటి పేరు పెడితే అక్షరాలుగా కుదించుకుపోతుంది, విశాఖ కింగ్ జార్జ్ కేజీహెచ్ అయినట్టు. అందుకే ‘గాడిచర్ల ఆసుపత్రి’ అని రెండు మాటలే ఉండాలి.

ఇక ఉపాధ్యాయుల వారి భయం. పేరు పెట్టకపోతే కొరత తీరుతుందా? మందులు కావాలని అడగడం, పేరు కావాలని అడగడం ఒకదానికొకటి అడ్డు కాదు. రెండూ అడుగుదాం. గ్రంథాలయానికి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆయన ఎవరో ముందే తెలుసు. తెలియని వేలమంది వచ్చేది ఆసుపత్రికే.

నంద్యాల ఉపాధ్యాయుడు:
ఆ చివరి మాట బాగుంది, ఒప్పుకుంటాను. అయినా మొత్తం ఆసుపత్రికి వద్దు అన్న నా మాట మారదు. కొత్త ఓపీ భవనం కట్టినప్పుడు దానికి ఆయన పేరు అడగండి. గుమ్మం పక్కన ఆయన ఎవరో, ఎందుకు జైలుకు వెళ్లారో నాలుగు వాక్యాలు తెలుగులో చెక్కించమనండి. ఓపీ చీటీ మీద ఆ పేరు పూర్తిగా అచ్చు వేయమనండి. ఈ మూడూ ఉన్న వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నాదే.