అప్‌డేట్: వార్డులో పనికి చేరాను, ఆరు నెలలైంది

మెడిసిన్ చదువుతూ హాస్పిటల్లో జీతానికి పేషెంట్ కేర్ అసిస్టెంట్‌గా చేరొచ్చా, చదువు దెబ్బతింటుందా అని అడిగాను కదా. చేరాను. వారానికి ఒక్క షిఫ్టే, శనివారం రాత్రి. పరీక్షల ముందు మూడు వారాలు సెలవు అడిగితే ఇచ్చారు.

ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, తినిపించడం, బీపీ, టెంపరేచర్ రాయడం, ఇదీ పని. కదల్లేని వాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మొదటి రాత్రే ఒక పెద్దావిడని తిప్పుతుంటే సిస్టర్ టార్చి వేసి మడమ చూపించారు. చిన్న ఎర్రటి మచ్చ. వేలితో నొక్కినా తెల్లబడలేదు. ప్రెషర్ అల్సర్ (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు) మొదటి దశ అని నేను బట్టీపట్టింది అదే! కానీ మడమ కింద వెతకాలని నాకు తట్టేది కాదు.

శ్వాస లెక్కా అంతే. ఇదివరకు 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాణ్ణి. ఇప్పుడు నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని నిమిషమంతా లెక్కపెడతాను, ఎందుకంటే గమనిస్తున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. పెద్దవాళ్లకి 12 నుంచి 20 ఉండాల్సింది ఒకాయనకి 26 వచ్చింది. వెంటనే చెప్పాను, డాక్టర్ వచ్చి చూశారు.

ఒక్క జాగ్రత్త. "డాక్టర్ చదువేగా, ఈ కాన్యులా పెట్టెయ్" అని ఎవరో ఒకరు అంటారు. కాన్యులా అంటే మందులు ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే సన్నటి గొట్టం. ఆ యూనిఫాంలో ఉన్నంతసేపు ఆ ఉద్యోగానికి రాసిచ్చిన పనులే చేయాలి. నేను కుదరదన్నాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈ గంటల్ని మా కాలేజీ, చదువులో భాగంగా వార్డుల్లో చేసే పోస్టింగుల్లో కలపదు. అయినా వచ్చే టర్మ్ కూడా కొనసాగిస్తున్నాను.