రెడ్ సాక్స్ చరిత్రలో మేటి పిచింగ్ సీజన్: లెనార్డ్ 1914దా, పెడ్రో 2000దా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ రికార్డుల్లో ఒక సీజన్‌కు అతి తక్కువ ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి తీసివేయగా పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు, డచ్ లెనార్డ్ పేరిట ఉంది. 1914లో ఆయన సాధించినది 0.96. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74. అయినా ఎక్కువ మంది పెడ్రోకే పట్టం కడుతున్నారు. ఇది న్యాయమేనా?

రెండో సభ్యుడు:
న్యాయం కాదని నా అభిప్రాయం. లెనార్డ్ 224 ఇన్నింగ్స్‌కు పైగా బంతులు వేసి, తన ఖాతాలో 24 పరుగులే రాయించుకున్నాడు. కాలం వేరు కదా అంటారా, అదీ చూద్దాం. రెడ్ సాక్స్ ఆడే అమెరికన్ లీగ్ సగటు ఈఆర్ఏ 1914లో 2.73, 2000లో 4.91. ఆ సగటును ఎవరి అంకెతో వారికి భాగిస్తే ఇద్దరికీ 2.8 చొప్పునే వస్తుంది, పైగా లెనార్డ్‌దే పిసరంత ఎక్కువ. వందేళ్లు దాటినా చెక్కుచెదరని అంకెను ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తోంది.

మూడో సభ్యుడు:
మీ భాగహారంలో తప్పు లేదండీ. అయితే సగటుతో పాటు రెండో స్థానంలో ఉన్నవారిని కూడా చూడాలి. 1914లో లెనార్డ్ వెనుక సొంత జట్టులోని రూబ్ ఫాస్టర్ 1.70తో, ఆ వెంటనే వాల్టర్ జాన్సన్ 1.72తో ఉన్నారు. 2000లో పెడ్రో తర్వాతి స్థానం రోజర్ క్లెమెన్స్‌ది, ఆయన ఈఆర్ఏ 3.70! లీగ్‌లో రెండో ఉత్తమ పిచ్చర్ ఇచ్చిన దానిలో సగం కూడా పెడ్రో ఇవ్వలేదు.

ఆనాటి బంతిని కూడా తలచుకోండి. ఉమ్మి, పొగాకు రసం, మట్టి అంటి నల్లబడిన బంతితోనే ఆట సాగేది, సాయంత్రపు వెలుగులో అది బ్యాటర్‌కు సరిగా ఆనేది కాదు. లెనార్డ్ స్వయంగా స్పిట్‌బాల్, అంటే ఉమ్మి పూసిన బంతి, వేసేవాడు. 1920లో దాన్ని నిషేధించినప్పుడు, వేస్తూ ఉండటానికి అనుమతి పొందిన 17 మందిలో ఆయన ఒకడు. ఆ రోజుల్లో పిచ్చర్ కూడా బ్యాటు పట్టేవాడు కాబట్టి తొమ్మిది మందిలో ఒకరు బలహీనులుగానే ఉండేవారు. అమెరికన్ లీగ్‌లో 1973 నుంచి పిచ్చర్ స్థానంలో ప్రత్యేక బ్యాటర్ వచ్చాడు. అలాంటి జట్ల మీద పెడ్రో 217 ఇన్నింగ్స్‌లో 284 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) తీసి, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) 32 మాత్రమే ఇవ్వడం నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు.

నాలుగో సభ్యుడు:
1912లో స్మోకీ జో వుడ్ 34 విజయాలు, 5 పరాజయాలతో రెడ్ సాక్స్ జట్టును వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోటీ) దాకా నడిపాడు. గెలుపులను లెక్కలోకి తీసుకోరా?

మూడో సభ్యుడు:
గెలుపులో జట్టు వాటా చాలా ఉంటుందండీ. 2000 మే 6న సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లో టాంపా బే జట్టు మీద పెడ్రో 17 మందిని స్ట్రైకవుట్ చేశాడు. సొంత జట్టు ఒక్క పరుగు కూడా చేయనందున 1-0 తేడాతో ఆ ఆట ఓటమిగానే ఆయన పేరిట నమోదైంది. అందుకే వుడ్ 34 విజయాలను నేను ఈ పోలికలోకి తీసుకోను. ఆయన ఆ ఏటి ఈఆర్ఏ 1.91 గురించి మాట్లాడదామంటే మాత్రం నేను సిద్ధమే.