గ్లెండేల్‌లో ఆర్మేనియన్లను చూశాక ఒక సందేహం: తెలుగు సంఘానికి ముందు హాలు కావాలా, బడి కావాలా?

బ్రాడీపేట టీచరమ్మ (గుంటూరు):

అందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ మధ్య ఆరు నెలలు లాస్ ఏంజెలెస్ పక్కన గ్లెండేల్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. ఒక విషయంలో మీ సలహా కావాలి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గ్లెండేల్లో ఎటు చూసినా ఆర్మేనియన్లే, అంటే టర్కీ పక్కనున్న ఆర్మేనియా మూలాలున్నవాళ్లు. రొట్టెల కొట్టు మీద బోర్డు వాళ్ల లిపిలో ఉంటుంది. పార్కులో పాచికలాట ఆడుకునే పెద్దవాళ్లు వాళ్లే. మా అమ్మాయి పక్కింటావిడ కూడా ఆర్మేనియనే. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి, పుట్టింది లెబనాన్ రాజధాని బేరూత్‌లో బుర్జ్ హమ్మూద్ అనే పేటలో. 1915లో ఆర్మేనియన్ల మీద జరిగిన మారణకాండ తర్వాత టర్కీ నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్లు కట్టుకున్న పేట అది. అక్కడి వాడలకు పోగొట్టుకున్న ఊళ్ల పేర్లే పెట్టుకున్నారట. నోర్ మరాష్ అంటే కొత్త మరాష్, నోర్ అదానా అంటే కొత్త అదానా.

ఆవిడ సాయంత్రం పూట వరండాలో కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టేది. ఉప్పునీళ్ల సీసాలోంచి ఆకు తీసి, ఈనెలు పైకి వచ్చేలా పరిచి, తొడిమ దగ్గర చిటికెడు బియ్యం పెట్టి, రెండు పక్కలా మడిచి బిగించి చుట్టేది. మా నాన్న పొగాకు చుట్ట చుట్టిన తీరే అచ్చం. పక్కన ఏడేళ్ల మనవరాలు వాచకం పట్టుకుని ఆయ్ప్, పెన్, కిమ్ అని అక్షరాలు చదవాలి. ఒక్క అక్షరం తప్పు పలికినా ఆవిడ చెయ్యి ఆగిపోయేది. అరిచేది కాదు, తిట్టేది కాదు. ఆకు అలాగే పట్టుకుని కూర్చునేది. పిల్ల సరిగ్గా చదివాకే మళ్లీ చుట్టడం. ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఇంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు.

ఏప్రిల్ 24న అక్కడ బళ్లకు సెలవు. 1915లో ఆ రోజు రాత్రి ఇస్తాంబుల్లో ఆర్మేనియన్ రచయితలను, టీచర్లను, డాక్టర్లను, మతగురువులను రెండొందల మందికి పైగా పట్టుకుపోయారు. పోయిన ప్రాణాలు పదిహేను లక్షల దాకా అంటారు. ఆ రోజు ఆవిడ నన్ను కూడా ఊరేగింపుకు తీసుకెళ్లింది. నా చీర కొంగుకు ఊదారంగు పువ్వు బ్యాడ్జీ పెట్టింది. పెద్దవాళ్ల కంటే కాలేజీ పిల్లలే ఎక్కువగా ఉన్నారు. వాళ్లెవరూ ఆ పోగొట్టుకున్న ఊళ్లు చూసి ఉండరు. వాళ్ల తాతలు కూడా చూసి ఉండరు.

అదే నెలలో మనవాళ్ల ఉగాది ఫంక్షన్ జరిగింది. పదేళ్ల బాబు స్టేజీ ఎక్కి వేమన పద్యం చదివాడు. చేతిలో కాగితం ఉంది. దగ్గరికి పిలిచి చూస్తే పద్యమంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. ఆ బాబు తప్పేం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడి మన తెలుగు సంఘం దగ్గర కొంత డబ్బు పోగయింది. సొంత హాలు కట్టాలని కొందరంటున్నారు. ముందు వారం వారం బడి పెట్టాలని కొందరు. ఊరి కౌన్సిల్లో, స్కూల్ బోర్డులో మన మాట వినిపించేలా ఆర్మేనియన్లలాగా రాజకీయంగా ఎదగాలని ఇంకొందరు. మా అల్లుడు కమిటీలో ఉన్నాడు. "అత్తయ్యా, మీరు టీచరు కదా, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. ఆర్మేనియన్లు నూరేళ్లు ఎలా నిలబడ్డారో తెలియకుండా నేనేం చెప్పను? తెలిసినవాళ్లు చెప్పండి.

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ):

అమ్మా, నమస్కారం. నేను హిస్టరీ లెక్చరర్‌గా చేశాను. మీరు గ్లెండేల్ దాకా వెళ్లి చూసినదానికి మొదలు మన పక్కనే ఉంది. 17వ శతాబ్దంలో మన బందరు రేవులో ఆర్మేనియన్ వర్తకులు వ్యాపారం చేశారు. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మద్రాసు సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో వంతెన కట్టించింది ఖోజా పెట్రుస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడే.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది వాళ్ల అచ్చుయంత్రం. 1772లో షహమీర్ షహమీరియన్ అనే వ్యాపారి, ఆయన బృందం మద్రాసులో ఆర్మేనియన్ ప్రెస్సు పెట్టారు. అప్పటికి వాళ్లకు దేశమే లేదు. అయినా రాబోయే ఆర్మేనియాకు రాజ్యాంగం ఎలా ఉండాలో రాసి మద్రాసులో అచ్చు వేశారు! తర్వాత 1794లో హరుత్యున్ ష్మవోన్యన్ అనే మతగురువు అదే ఊళ్లో 'అజ్దరార్' పత్రిక మొదలుపెట్టారు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వచ్చిన మొట్టమొదటి పత్రిక అది. ఆయన సమాధి మద్రాసు ఆర్మేనియన్ చర్చిలోనే ఉంది. ఈసారి మద్రాసు వెళ్తే ఆర్మేనియన్ స్ట్రీట్లో ఆ చర్చి చూడండి. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఆ రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

లిపి అంటే వాళ్లకు ఎంత ప్రాణమో చెప్తాను. క్రీ.శ. 405లో మెస్రోప్ మష్టోట్స్ అనే పండితుడు అక్షరాలు తయారుచేశాక మొదట రాసిన వాక్యం బైబిల్ సామెతల గ్రంథంలోది, జ్ఞానాన్ని తెలుసుకోవడం గురించి. చర్చి క్యాలెండర్లో పవిత్ర అనువాదకుల పండగ కూడా ఉంది. అనువాదం చేసినవాళ్లకు పండగ చేసుకునే జాతి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మనకు ఆగస్టు 29న గిడుగు వారి జయంతి ఉంది. ఆ రోజు మనలో ఎవరింట్లోనైనా పిల్లలకు మిఠాయి పంచిపెడతారా?

సంస్థల మాటకొస్తే, అన్నిటికంటే పేరున్న ఎ.జి.బి.యు. (ఆర్మేనియన్ జనరల్ బెనవలెంట్ యూనియన్) 1906లో కైరోలో పుట్టింది. పెట్టినవాడు బోఘోస్ నుబార్ పాషా. ఊళ్లలో రైతులకు విత్తనాలు, పనిముట్లు, పిల్లలకు బళ్లు, ఇదీ వాళ్ల మొదటి పని. తొమ్మిదేళ్లకే మారణకాండ వచ్చింది. అప్పుడు అనాథ పిల్లల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 1910లో న్యూయార్క్‌లో ఆడవాళ్లు నడిపే రిలీఫ్ సొసైటీ, 1918లో ఆటలకూ స్కౌట్లకూ హోమెనెత్‌మెన్, 1928లో మళ్లీ కైరోలోనే సాహిత్యం, నాటకం కోసం హమజ్‌గాయిన్. చూశారా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంస్థ. అన్నీ ఒకే సంఘం చెయ్యాలని వాళ్లు పట్టుబట్టలేదు.

హాలు వద్దనను. మన కలకత్తాలో వాళ్ల చర్చి 1724ది, కాలేజీ 1821ది, రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కానీ గోడలున్నంత మాత్రాన సరిపోదు. సైప్రస్‌లో మెల్కోనియన్ అన్నదమ్ములు ఇచ్చిన ఆస్తితో 1926లో పెద్ద బడి వచ్చింది. ఎక్కడెక్కడి ఆర్మేనియన్ పిల్లలో అక్కడ చదివారు. 2005లో మూసేశారు. పాత విద్యార్థులు ఎంత పోరాడినా ఆగలేదు. పిల్లలు లేకపోతే కట్టడం బడి కాదమ్మా.

పటమట (విజయవాడ):

టీచర్ గారూ, ఒక్క మాట. రాజకీయం జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దని చెప్పండి. ఆర్మేనియన్లకూ అది తేలిగ్గా రాలేదు. 1933 క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ చర్చిలో, పూజ జరుగుతుండగానే, వాళ్ల ఆర్చ్‌బిషప్ తూరియన్‌ను పొడిచి చంపారు. చంపింది బయటివాళ్లు కాదు, వాళ్లలోనే ఒక పార్టీ మనుషులు. ఆ తర్వాత అమెరికాలో వాళ్ల చర్చే రెండు పరిపాలనల కింద చీలిపోయింది. ఇప్పటికీ రెండున్నాయి.

మనవాళ్లలో ఆ చీలిక కులం పేరుతో వస్తుంది. నేను బయట దేశంలో ఉన్నప్పుడు మా ఊరి సంఘం ఒకటి సరిగ్గా అలాగే రెండు ముక్కలైంది. పిల్లల క్లాసు నడిపే ఆంటీ ఏ ముక్కలోనూ చేరనన్నారు. దాంతో క్లాసుకు గది ఇవ్వడమే మానేశారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. బడిని కమిటీ ఎలక్షన్లకు అందనంత దూరంలో పెట్టమనండి.

అరండల్‌పేట నుంచి బర్బాంక్:

అమ్మా, మాది అరండల్‌పేట. మీరున్న గ్లెండేల్ పక్క ఊళ్లోనే పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఆఫీసులో మా టీమ్‌లో సగం మంది ఆర్మేనియన్లు.

పటమట బ్రదర్ చెప్పింది నిజమే, కానీ ఇంకో సగం కూడా వినాలి. వాషింగ్టన్‌లో వాళ్లకు ఒకటి కాదు, రెండు పెద్ద లాబీ సంస్థలున్నాయి. ఆర్మేనియన్ నేషనల్ కమిటీ ఒకటి, 1972లో పెట్టిన ఆర్మేనియన్ అసెంబ్లీ ఇంకొకటి. ఇద్దరికీ పడదు. అయినా 1915లో జరిగింది మారణకాండ అని అమెరికా ఒప్పుకోవాలని ఇద్దరూ అడిగేది ఒకటే కాబట్టి పని ముందుకెళ్లింది. 2007లో మారణకాండ తీర్మానం ప్రతినిధుల సభ కమిటీలో 27–21తో నెగ్గింది, సభ దాకా రానివ్వలేదు. 2010లో 23–22, మళ్లీ అంతే. 2019 అక్టోబర్‌లో సభలో 405–11. డిసెంబర్‌లో సెనేట్ ఏకగ్రీవం. 2021 ఏప్రిల్ 24న అప్పటి అధ్యక్షుడు బైడెన్ నోటి వెంట మారణకాండ అనే మాట వచ్చింది. ఉరుగ్వే 1965లోనే ఒప్పుకుంది, ఫ్రాన్స్ 2001లో, జర్మనీ 2016లో.

ఇదంతా పై నుంచి జరగలేదమ్మా. ముందు ఊళ్లో. ఓటరు లిస్టులో పేర్లు ఎక్కించారు, స్కూల్ బోర్డు మీటింగులకు వెళ్లి కూర్చున్నారు. మీరు చూసిన ఏప్రిల్ 24 సెలవు అలా వచ్చిందే. గ్లెండేల్ గవర్నమెంటు బళ్లలో ఆర్మేనియన్, ఇంగ్లీషు రెండు భాషల్లో చెప్పే క్లాసులూ అలా వచ్చినవే. ఆ మీటింగుల్లో మైకు ముందు మాట్లాడేది ఎవరనుకున్నారు? శనివారం బడిలో చదివి పెరిగినవాళ్లు. నేను ఒక మీటింగుకు వెళ్లాను. ఒకమ్మాయి, ఇరవై కూడా ఉండవు, మూడు నిమిషాల్లో వాళ్ల ముత్తవ్వ కథ చెప్పి కూర్చుంది. అంత పెద్ద గది గప్‌చుప్.

వాళ్ల కష్టాలూ చెప్పాలి. మీ పక్కింటావిడ 'ఆయ్ప్, పెన్, కిమ్' అన్నారు కదా. ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి వచ్చిన మా టీమ్‌వాళ్లు 'ఆయ్బ్, బెన్, గిమ్' అంటారు. ఆవిడది పశ్చిమ ఆర్మేనియన్, వీళ్లది తూర్పుది. పశ్చిమ ఆర్మేనియన్‌కు సొంత దేశం లేదు, ప్రవాసంలోనే బతకాలి. 2010లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది. ఇన్ని బళ్లుండీ ఆ పరిస్థితి. ఆవిడ ఆకు పట్టుకుని ఎందుకు ఆగేదో అర్థమైంది కదా.

ఇంకొకటి. ఏళ్ల తరబడి థాంక్స్‌గివింగ్ రోజు లాస్ ఏంజెలెస్ నుంచి టీవీలో విరాళాల కార్యక్రమం చేస్తూ వచ్చారు. ఆర్మేనియా కోసం 1992లో పెట్టిన హయస్తాన్ ఫండ్‌కు. ఆ డబ్బుతో, అజర్‌బైజాన్‌తో తగాదాలో ఉన్న ఆర్మేనియన్ల ప్రాంతం కరబాఖ్‌లో రోడ్లు, బళ్లు కట్టారు. 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ దాడి చేసింది, కొద్ది రోజుల్లో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఆ నేల వదిలి వచ్చేశారు. ఇంత పలుకుబడి ఉండీ ఆపలేకపోయారు. ఆ వారం మా టీమ్‌లో ఒకతను లంచ్‌కు రాలేదు. వెళ్లి చూస్తే కారు డిక్కీ నిండా దుప్పట్లు సర్దుతున్నాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మీ అల్లుడుగారికి నా మాటగా చెప్పండి. హాలు అద్దెకు దొరుకుతుంది. శనివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టే టీచరు దొరకదు.

బ్రాడీపేట టీచరమ్మ (గుంటూరు):

మాస్టారు గారికి, పటమట బాబుకు, అరండల్‌పేట బాబుకు పేరుపేరునా నమస్కారాలు. మద్రాసు, బందరు సంగతులు చదివి నిన్నంతా అదే ఆలోచన. చిన్నప్పుడు మేనమామ వాళ్లింటికి బందరు ఎన్నిసార్లు వెళ్లానో. ఒక్కరూ చెప్పలేదు.

లక్ష మంది నేల వదిలి వచ్చిన మాట చదివాక పక్కింటావిడకు ఫోన్ చేశాను. ఆవిడ చెల్లెలి కొడుకు కుటుంబం అందులో ఉందట. నాతో ఆరు నెలలు కూర్చుని ఆ మాట ఒక్కసారీ అనలేదు. నేనూ అడగలేదు, అదే ఇప్పుడు మనసును పట్టి పీకుతోంది.

అల్లుడితో మాట్లాడాను. బడే ముందు అని చెప్పాను. టీచరు దొరకదన్నారు కదా, దొరికేదాకా నేనే చెప్తాను. శనివారం మాకు రాత్రి తొమ్మిదిన్నర, వాళ్లకు పొద్దున తొమ్మిది. చలికాలం గడియారాలు మారితే మాకు పదిన్నర అవుతుంది, ఫర్వాలేదు. కమిటీలో ఉన్నవాళ్లెవరూ బడి లెక్కలు చూడకూడదని కూడా రాయించాను. అది పటమట బాబు మాటే. ఇప్పటికి నలుగురు పిల్లలు పేర్లిచ్చారు. అందులో ఆ వేమన పద్యం బాబు ఒకడు.

ప్రాథమిక తరగతులు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకటి అడుగుతాను. నేను ఎప్పుడూ పెద్ద తరగతులే చెప్పాను. ఇంట్లో తెలుగు వింటారు కానీ చదవలేరు, అలాంటి పిల్లలకు అ, ఆ నుంచి వరసగా మొదలుపెట్టాలా, లేక ప, ష, స, వ లాగా రూపం దగ్గరగా ఉన్న అక్షరాలను ఒక గుంపుగా ఇస్తే త్వరగా పట్టుకుంటారా? వచ్చే శనివారం లోపు చెప్పగలిగితే పలక మీద దానికి తగ్గట్టు రాసి పెట్టుకుంటాను.