17వ స్థానం, చేతిలో యూరోపా కప్పు: స్పర్స్ 2024-25ని మీరు ఏమంటారు?

గుంటూరు స్పర్స్ (ప్రశ్న):

ఇక్కడ లండన్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్ (స్పర్స్ అన్నా అదే) అభిమానులు ఎంతమంది ఉన్నారో తెలీదు కానీ సూటిగా అడుగుతున్నా. అయిపోయిన ఈ సీజన్ మీ లెక్కలో మంచిదా, చెత్తదా? "రెండూ" అని తప్పించుకోవద్దు, ఒకటి ఎంచుకుని ఎందుకో చెప్పండి. వేరే క్లబ్బుల వాళ్ళు కూడా రాయొచ్చు, మన వైరి క్లబ్ ఆర్సెనల్ వాళ్ళు మాత్రం కాస్త మర్యాదగా రాయాలి.

అంకెలు తెలిసినవే అయినా ఒకచోట పెడుతున్నా, ఎందుకంటే పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. లీగ్‌లో 38 మ్యాచుల్లో 11 గెలుపు, 5 డ్రా, 22 ఓటమి. 38 పాయింట్లు, 17వ స్థానం. మన కింద ఉన్నది రెలిగేట్ అయిన (కింది లీగ్‌కి జారిపోయిన) మూడు టీములే. 38 మ్యాచుల ప్రీమియర్ లీగ్ సీజన్‌లో 22 ఓడిపోయి కూడా కిందికి జారకుండా మిగిలిన టీమ్ ఇంకోటి లేదు. అదే టీమ్ మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ని 1-0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచింది. 2008 లీగ్ కప్ తర్వాత మనకి ఇదే మొదటి కప్పు, యూరప్‌లో అయితే 1984 తర్వాత మొదటిది. 17వ స్థానంలో ఉన్న టీమ్‌కి 2025-26 చాంపియన్స్ లీగ్‌లో చోటు దొరికింది!

నాకు అసలు అంతుపట్టనిది గోల్స్ సంగతి. లీగ్‌లో మనం కొట్టినవి 64, నాలుగో స్థానంలో ఉన్న చెల్సీ కొట్టినవీ 64. మనం తిన్నవి 65. గోల్ తేడా మైనస్ ఒకటి, అంతే. మైనస్ ఒకటితో 17వ స్థానానికి చేరడం ఎలా సాధ్యమో ఎవరైనా చెప్పండి బాబూ. అదే కోచ్, దాదాపు అదే ఆటగాళ్ళు, ఆదివారం లీగ్‌లో ఒకలా, గురువారం యూరోపాలో ఇంకోలా ఎలా ఆడారు?

—

బెజవాడ మ్యాడిసన్:

మంచి సీజన్. రెండో మాట లేదు. నాకు ఊహ తెలిశాక మన క్లబ్ యూరప్‌లో కప్పు ఎత్తడం ఇదే మొదటిసారి, ఇంక నేను వేరే సమాధానం ఎలా చెప్తాను?

నీ రెండో ప్రశ్నకి నవంబర్ నెల ఒక్కటి చాలు. 10వ తేదీన ఇప్స్విచ్ మన గ్రౌండ్‌కి వచ్చింది. అప్పటిదాకా ఆ సీజన్‌లో వాళ్ళు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవలేదు, ప్రీమియర్ లీగ్‌లో గెలిచి 22 ఏళ్ళు అయింది. మనం 2-1తో ఓడిపోయాం. సరిగ్గా దాని తర్వాతి మ్యాచ్ 23న మాంచెస్టర్ సిటీ మీద, వాళ్ళ గ్రౌండ్‌లో, వాళ్ళు అక్కడ 52 మ్యాచులుగా ఓడిపోలేదు. 4-0తో గెలిచాం! ఆ రోజు మన మిడ్‌ఫీల్డర్ మ్యాడిసన్ పుట్టినరోజు, రెండు గోల్స్ కొట్టాడు. ఆ మ్యాచ్‌లో గోల్‌కీపర్ వికారియో కాలి చీలమండ ఎముక విరిగింది, విరిగిన కాలితోనే చివరిదాకా నిలబడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఈ రెండు మ్యాచుల మధ్య రెండు వారాలు కూడా లేవు.

జనవరిలో మళ్ళీ అదే. లెస్టర్ వరుసగా ఏడు లీగ్ మ్యాచులు ఓడిపోయి మన దగ్గరికి వచ్చింది, మనం మొదట గోల్ కొట్టి మరీ 2-1తో ఓడాం. సంక్రాంతికి ఇంటికొచ్చిన అల్లుణ్ణి కొత్త బట్టలు పెట్టకుండా పంపనట్టు, కష్టాల్లో ఉండి మన గుమ్మం తొక్కిన ఏ టీమునీ మనం వట్టి చేతులతో పంపలేదు.

అన్నిటికంటే నన్ను వదలని మ్యాచ్ మాత్రం డిసెంబర్ 8, చెల్సీ. వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ కుకురెయా రెండుసార్లు కాలు జారి పడ్డాడు, రెండుసార్లూ మనకి గోల్ వచ్చింది. 11 నిమిషాలకే 2-0. ఎగిరి గంతేశాను. ఆయన పక్కకెళ్ళి బూట్లు మార్చుకుని వచ్చాడు, అక్కణ్ణుంచి ఆట మారిపోయింది, మనం 4-3తో ఓడిపోయాం. అంతకుముందు అక్టోబర్‌లో బ్రైటన్‌లో కూడా హాఫ్‌టైమ్‌కి 2-0 ముందుండి 3-2తో ఓడాం. మైనస్ ఒకటి ఎలా వచ్చిందంటే ఇలాగే వచ్చింది అన్నా. గెలిచినప్పుడు సౌతాంప్టన్ మీద ఫస్ట్ హాఫ్‌లోనే 5, ఓడినప్పుడు చాలాసార్లు ఒక్క గోల్ తేడా.

—

ఓరుగల్లు రెడ్ డెవిల్:

నేను యునైటెడ్ ఫ్యాన్‌ని. ఆర్సెనల్ వాళ్ళని మర్యాదగా ఉండమన్నావు, మా బాధ ఎవరికి చెప్పుకోవాలె?

మేము కూడా 15వ స్థానం, 42 పాయింట్లు. దగ్గరదగ్గరనే ఉన్నం. కానీ ఒకే సీజన్‌లో మీ చేతిలో నాలుగుసార్లు ఓడిపోయినం. సెప్టెంబర్‌లో మా ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 3-0. డిసెంబర్‌లో లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్ 4-3. ఫిబ్రవరిలో 1-0. ఆఖరికి బిల్బావోలో 1-0. లీగ్‌లో 22 ఓడిన టీమ్ మాతోని ఆడిన నాలుగు మ్యాచులూ గెలిచింది, ఇది నాకు ఎన్నేళ్ళైనా మింగుడు పడదు.

ఆ 4-3 మ్యాచ్ గురించి ఎవరూ రాయలేదేంటి? మీరు 3-0 ముందున్నరు. మీ రెండో కీపర్ ఫోర్‌స్టర్ బంతి రెండుసార్లు మా వాళ్ళకే అప్పజెప్పిండు, 3-2 అయింది, మా రూమ్‌లో అందరం లేచి నిలబడ్డం. అప్పుడు మీ కెప్టెన్ సన్ కార్నర్ తీసుకుంటే అది ఎవరికీ తగలకుండా తిన్నగా గోల్‌లోకి పోయింది. కార్నర్ నుంచి డైరెక్టు గోల్! ఆ తర్వాత మేము ఇంకోటి కొట్టినా లాభం లేకపోయింది.

ఫైనల్ రాత్రి ఇక్కడ 12:30కి మొదలైంది. 42వ నిమిషంలో ఆ గోల్ ఎవరిదో కూడా సరిగ్గా చెప్పలేం, జాన్సన్ కాలికి, మా షా చేతికి తగిలి లోపలికి దొర్లింది. సెకండ్ హాఫ్‌లో హోయ్‌లుండ్ హెడర్ ఖాళీ గోల్ వైపు పోతుంటే మీ వాన్ డి వెన్ గాలిలోకి లేచి లైన్ మీద నుంచి వెనక్కి తన్నిండు. నేను గోల్ అని అరిచేసిన, కింద ఇంటివాళ్ళు నిద్ర లేచిండ్రు. ఆ ఒక్క తన్నుకే కప్పు మీకు ఇచ్చెయ్యొచ్చు. మనస్ఫూర్తిగా చెప్తున్న, అభినందనలు.

—

హైలైన్ వద్దు:

నా సమాధానం చెత్త సీజన్. కప్పు వచ్చింది, నేనూ ఏడ్చాను, కానీ లీగ్‌లో 22 ఓటములని కప్పుతో కప్పేస్తే వచ్చే ఏడాది మళ్ళీ అదే జరుగుతుంది.

ప్రశ్నలో రెండో భాగానికి వస్తాను, దానికి సమాధానం ఉంది. మన ఆట పద్ధతి ఏంటంటే డిఫెండర్లు సెంటర్ లైన్ దాకా వచ్చి నిలబడతారు, వెనకాల సగం గ్రౌండ్ ఖాళీ. దీన్నే హైలైన్ అంటారు. సెంటర్ బ్యాక్‌లుగా వాన్ డి వెన్ లాంటి వేగం ఉన్నవాడు, రొమేరో లాంటివాడు ఉంటేనే అది నడుస్తుంది. ఇద్దరూ గాయాలతో నెలలకి నెలలు బయట కూర్చున్నారు. చెల్సీ మ్యాచ్‌కి ఇద్దరూ తిరిగొచ్చారు, అదే మ్యాచ్‌లో ఇద్దరూ మళ్ళీ దెబ్బ తగిలి వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో 18 ఏళ్ళ ఆర్చీ గ్రే సెంటర్ బ్యాక్ ఆడాడు, ఆ కుర్రాడు అసలు మిడ్‌ఫీల్డర్. తర్వాత డ్రాగుషిన్ మోకాలు పోయింది. ఇంతమంది లేకపోయినా లైన్ మాత్రం వెనక్కి జరపలేదు. క్రిస్మస్ ముందు లివర్‌పూల్ మన గ్రౌండ్‌లో ఆరు కొట్టింది, మనం మూడు కొట్టాం, మూడు గోల్స్ కొట్టి కూడా ఎక్కడా పోటీలో లేం.

యూరప్‌లో మాత్రం కోచ్ పోస్టెకోగ్లూ మారాడు, ఇది ఒప్పుకోవాలి. ఏప్రిల్ నుంచి లీగ్‌ని పక్కనపెట్టి మంచి ఆటగాళ్ళని గురువారాల కోసం దాచిపెట్టాడు, రొమేరో, వాన్ డి వెన్ తిరిగొచ్చారు, డిఫెన్స్ వెనక్కి దిగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1-0. నార్వేలో, ఆర్కిటిక్ వలయం పైన ఉన్న బోడోలో, కృత్రిమ గడ్డి మీద 2-0. లాజియోని ఇంటికి పంపిన టీమ్ అది! ఫైనల్‌లో అయితే ఆఖర్లో గోల్ కొట్టిన జాన్సన్‌ని తీసేసి ఇంకో డిఫెండర్ డాన్సోని దింపి బాక్స్‌లో గోడ కట్టారు. రెండేళ్ళుగా మేం అరిచి మొత్తుకున్నది అదే. డిసెంబర్‌లోనే అందులో సగం చేసుంటే పదో స్థానంలో ఉండేవాళ్ళం, అది నా నమ్మకం.

అందుకే కప్పు గెలిచాక కూడా క్లబ్ కోచ్‌ని తీసేయడం సరైనదే అంటాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

—

బెజవాడ మ్యాడిసన్:

తిట్టను కానీ ఒప్పుకోను. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో ఓడినప్పుడు ఆయన ఏమన్నాడు? నేను రెండో ఏడాది ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తాను అన్నాడు. ప్రపంచం మొత్తం నవ్వింది. బ్రిస్బేన్‌లో గెలిచాడు, ఆస్ట్రేలియాకి ఆసియా కప్ తెచ్చాడు, యోకోహామాలో మొదటి ఏడాది 12వ స్థానం, రెండో ఏడాది చాంపియన్. ఇక్కడా చేసి చూపించాడు. 2021లో అప్పటి కోచ్ మౌరిన్యోని లీగ్ కప్ ఫైనల్‌కి ఆరు రోజుల ముందు తీసేసిన క్లబ్ మనది, ఫైనల్ గెలిచిన మనిషిని 16 రోజుల తర్వాత తీసేసింది. జూన్ 6, ఆయన వచ్చి సరిగ్గా రెండేళ్ళు నిండిన రోజు. నాకు చాలా బాధేసింది.

గాయాలైనప్పుడు లైన్ వెనక్కి జరపాల్సింది అన్నావు, అది మాత్రం నిజం.

—

ఎడ్మంటన్ తెలుగు:

లండన్ నుంచి రాస్తున్నాను. మే 23న కప్పు ఊరేగింపు మా ఏరియా నుంచే, ఎడ్మంటన్ గ్రీన్ దగ్గర మొదలై స్టేడియం దాకా వెళ్ళింది. దీపస్తంభాల మీద కుర్రాళ్ళు, బస్ స్టాప్‌ల పైన మనుషులు, మా పక్కింటి పెద్దాయన 1984 నాటి మఫ్లర్ మెడలో వేసుకుని వచ్చాడు, మే నెల ఎండలో! పోస్టెకోగ్లూ మైకు తీసుకుని మంచి టీవీ సిరీస్‌లన్నిటిలో మూడో సీజన్ రెండోదానికంటే బాగుంటుంది అన్నాడు. జనం పిచ్చెక్కినట్టు అరిచారు. రెండు రోజుల తర్వాత ఆఖరి లీగ్ మ్యాచ్, బ్రైటన్ మన గ్రౌండ్‌లోనే 4-1తో కొట్టి వెళ్ళింది. స్టేడియంలో ఎవరూ పట్టించుకోలేదు, పాడుతూనే ఉన్నారు. నేను ఈ సీజన్‌ని మంచిదనే అంటాను.

ఇద్దరి గురించి రాయకుండా ఉండలేను. మొదటిది బ్రెనన్ జాన్సన్. సెప్టెంబర్‌లో సొంత అభిమానులే ఇన్‌స్టాగ్రామ్‌లో బూతులు తిడితే అకౌంట్ మూసేసుకున్నాడు. వెంటనే మ్యాచ్ తర్వాత మ్యాచ్ గోల్స్ కొట్టడం మొదలుపెట్టాడు, సీజన్ మొత్తం మీద 18, టీమ్‌లో అందరికంటే ఎక్కువ, ఫైనల్ గోల్ కూడా ఆయనదే. తిట్టినవాళ్ళు వెళ్ళి క్షమాపణ చెప్పాలి. రెండోది సన్. 2015లో వచ్చాడు. 2019లో మాడ్రిడ్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఓడాడు, 2021లో లీగ్ కప్ ఫైనల్ ఓడాడు, మన స్ట్రైకర్ కేన్ బయర్న్‌కి వెళ్ళిపోయినా ఉండిపోయాడు. కేన్ బయర్న్‌లో మొదటి టైటిల్ గెలిచింది ఈ మే నెలలోనే, సన్ కెప్టెన్‌గా కప్పు ఎత్తిందీ ఈ మే నెలలోనే. ఈ ఏడాది ఇంగ్లండ్‌లో ఎదురుచూసినవాళ్ళందరికీ కలిసొచ్చింది, న్యూకాసిల్ లీగ్ కప్, క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్‌ఏ కప్, మనకిది.

—

కొత్త_ఫ్యాన్_నెల్లూరు:

అన్నా నేను ఫైనల్ మాత్రమే చూసి ఈ క్లబ్ ఎంచుకున్నా, ఇంటర్ సెకండియర్. సెలవుల్లో పాత మ్యాచులు చూద్దామనుకుంటున్నా. మీరు రాసింది చదివితే ఏది చూడాలో అర్థం కావట్లేదు. ఒక్కటి చెప్పండి.

—

గుంటూరు స్పర్స్:

స్వాగతం తమ్ముడూ. సిటీ మీద 4-0 చూడమని అందరూ చెప్తారు, అది తర్వాత చూద్దువులే. నువ్వు మొదట చూడాల్సింది ఏప్రిల్ 17 ఫ్రాంక్‌ఫర్ట్ రెండో లెగ్ (ఒకే టీమ్‌తో రెండు మ్యాచుల్లో రెండోది). మొదటి లెగ్ మన గ్రౌండ్‌లో 1-1 అయింది, అక్కడికి వెళ్ళి గెలుస్తామని బయట నమ్మినవాళ్ళు తక్కువ. రొమేరో వెనక నుంచి పొడుగు బంతి వేస్తాడు, మ్యాడిసన్ దాన్ని తలతో తాకుతాడు, వాళ్ళ కీపర్ వచ్చి మ్యాడిసన్‌ని గుద్దేస్తాడు, పెనాల్టీ, సొలాంకె గోల్. మ్యాడిసన్ ఆ దెబ్బతో ఆట వదిలి వెళ్ళాల్సి వచ్చింది. సెకండ్ హాఫ్‌లో నువ్వు గోల్ కోసం చూడకు, రొమేరో, వాన్ డి వెన్ ఎక్కడ నిలబడుతున్నారో చూడు. హైలైన్ అన్న చెప్పిన మార్పు నీ కళ్ళకే కనిపిస్తుంది.

అది అయ్యాక చెల్సీ 3-4 పెట్టుకో. ఇంట్లో పెద్దవాళ్ళు పడుకున్నాక మాత్రం వద్దు, అరుస్తావు. రెండూ చూశాక మంచి సీజనో చెత్త సీజనో ఇక్కడ రాయి, ప్రస్తుతానికి లెక్క 2-1, నా ఓటు కలిపితే 3-1.