బడి మానేసిన యువతకు ముందు సర్టిఫికెట్ ఇప్పించాలా, పని నేర్పించాలా?

ప్రశ్న

హైస్కూలు చదువు మధ్యలో ఆపేసిన 16 నుంచి 20 ఏళ్ల పిల్లల కోసం ఒక వృత్తి శిక్షణ కార్యక్రమాన్ని రూపొందించే బాధ్యత మా స్వచ్ఛంద సంస్థ నాకు అప్పగించింది. వీరిలో కొందరిపై చిన్నపాటి కేసులున్నాయి, కొందరికి ఇంటి నుంచి ఏ అండా లేదు. ఆగిపోయిన చదువుకు సమానమైన సర్టిఫికెట్ ఇప్పిస్తే ఉద్యోగాలు వాటంతటవే వస్తాయని మా కార్యవర్గంలో కొందరు నమ్ముతున్నారు. మూడు నెలల కోర్సు పెట్టి వెంటనే పనిలో చేర్పిస్తే చాలని మిగిలినవారు వాదిస్తున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన దారి? వసతి కల్పించి నడిపితే మేలు జరుగుతుందా? ఇప్పటివరకు నడిచిన కార్యక్రమాల అనుభవం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

రెండు వాదనల్లోనూ లోపం ఉందని నా అభిప్రాయం. అమెరికాలో హైస్కూలు చదువుకు సమానంగా పరిగణించే జీఈడీ అనే పరీక్ష పాసైనవారిని ఆర్థికవేత్తలు స్టీఫెన్ క్యామెరాన్, జేమ్స్ హెక్‌మన్ పరిశీలించి 1993లో ఒక వ్యాసం ప్రచురించారు. ఉద్యోగాల విషయంలో వారి పరిస్థితి హైస్కూలు పూర్తిచేసినవారికన్నా మధ్యలో మానేసినవారికే దగ్గరగా ఉందని అందులో తేల్చారు. పై చదువుకో శిక్షణకో తోడైతే ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది కానీ, దానితోనే ఆగిపోతే ఫలితం స్వల్పం.

ఇక తక్కువ ఖర్చుతో ముగిసే చిన్న కోర్సుల సంగతి. అదే దేశంలో జేటీపీఏ అనే ఉద్యోగ శిక్షణ చట్టం కింద బడి బయటి యువతకు ఇచ్చిన శిక్షణను 1980ల చివర్లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం పరీక్షించింది. వారి సంపాదన చెప్పుకోదగినంతగా పెరగలేదని తేలింది. 1964లో ప్రారంభమైన జాబ్ కోర్ అనే అక్కడి ప్రభుత్వ కార్యక్రమం ఇందుకు భిన్నమైనది. 16 నుంచి 24 ఏళ్లవారికి వసతి, భోజనం, చదువు, వృత్తి శిక్షణ ఒకేచోట ఉచితంగా ఇస్తారు. అర్హులైన దరఖాస్తుదారులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి నాలుగేళ్లపాటు గమనించగా, అవకాశం రానివారిలో సుమారు 33 శాతం మంది అరెస్టయితే, వచ్చినవారిలో 29 శాతం మంది అరెస్టయ్యారు. మొదట్లో పెరిగిన సంపాదన మాత్రం చిన్న వయసువారిలో క్రమంగా కరిగిపోయింది, 20 ఏళ్లు దాటి చేరినవారిలోనే ఎక్కువ కాలం నిలిచింది. మీ పిల్లల్లో అధికులు 20 ఏళ్లలోపువారే కనుక ఈ విషయాన్ని గట్టిగా పట్టించుకోవాలి.

రెండవ జవాబు (వెల్డింగ్ శిక్షకుడు)

చదువు వేరు, పని వేరు అని విడదీయడమే అసలు ఇబ్బంది అని నేను అనుకుంటున్నాను. బడిలో లెక్కలంటే పారిపోయిన పిల్లవాడు వర్క్‌షాపులో గీత గీసి, సరిగ్గా ఆ గీత మీదే ఇనుప పట్టీని కోస్తాడు. తీరా అతికించబోతే ముక్క రెండు మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. కటింగ్ డిస్క్ మందం ఎటు పోయిందని అడిగిన క్షణంలో తీసివేత ఎందుకు నేర్చుకోవాలో అతనికే అర్థమవుతుంది. ఆ మధ్యాహ్నమే తరగతి గదిలో అదే కొలతతో పాఠం చెబితే మనసు పెట్టి వింటాడు, వారం ఆగితే ఆ ఆసక్తి చల్లారిపోతుంది. యూత్‌బిల్డ్ కార్యక్రమం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. 1978లో న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో దీనికి బీజం పడింది. అందులో యువత తరగతి గదిలో చదువుకుంటూనే, పేదల కోసం ఇళ్లు కట్టే చోట పని నేర్చుకుంటారు.

స్టైపెండ్ విషయంలో దయచేసి పిసినారితనం చూపవద్దు. ఇంటికి ఎంతో కొంత సంపాదించి ఇవ్వాల్సిన పిల్లలు ఉచిత శిక్షణకు కూడా రాలేరు. హాజరు పడిపోగానే వారికి శ్రద్ధ లేదని చాలామంది తీర్మానించేస్తారు, అది అన్యాయం.

మూడవ జవాబు

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను. అయితే చిన్న వయసువారికి వసతి శిక్షణ ఫలించదనే అర్థం మాత్రం తీసుకోకూడదు. 16 నుంచి 18 ఏళ్లవారి కోసం అమెరికా నేషనల్ గార్డ్ (అక్కడి రిజర్వు సైనిక దళం) 1990ల్లో యూత్ చాలెంజ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 22 వారాలు వసతిలో ఉంచి పంపేశాక, మరో ఏడాదిపాటు ఒక మార్గదర్శి అండగా ఉంటారు. ఆ మార్గదర్శి పేరును సాధారణంగా ఆ అబ్బాయో అమ్మాయో తమకు తెలిసిన పెద్దల్లోంచి సూచిస్తారు. మూడేళ్ల తరువాత చూస్తే, అవకాశం వచ్చినవారి సంపాదన రానివారికన్నా 20 శాతం మేర ఎక్కువగా ఉంది. దీని వెనుక ఆ ఏడాది తోడు పాత్ర చాలా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి ఉద్యోగం పోయిన రోజున ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే నేర్చుకున్న పని కూడా చేజారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మాకున్న నిధులతో ఇన్ని ఏర్పాట్లు సాధ్యం కావు. ఏదైనా తగ్గించాల్సి వస్తే దేన్ని తగ్గించాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు

బ్యాచ్‌లో సంఖ్య తగ్గించండి. యాభై మందికి బదులు పదిహేను మందిని తీసుకుని, స్టైపెండునూ శిక్షణ తరువాతి ఏడాది తోడునూ నిలబెట్టుకోండి. కోర్సు మొదలయ్యే ముందే యజమానులను కలిసి, ఏ పని వచ్చినవారిని తీసుకుంటారో, పాత కేసు ఉన్నా తీసుకుంటారో లేదో వారితోనే కాగితంపై రాయించుకోండి. ఒప్పుకున్న యజమాని ఒక్కరూ దొరకని వృత్తిలో శిక్షణ ప్రారంభించకండి.