అచ్చు పత్రికకి తొలిసారి బొమ్మలు గీస్తున్నా, సలహా కావాలి

పిల్లల బొమ్మల కథల పత్రిక ఒకటి మా ఊళ్ళో మొదలవుతోంది. నాకు నాలుగు పేజీల కథ ఇచ్చారు. ఇన్నాళ్ళూ ట్యాబ్‌లోనే గీశాను. పాతరోజుల్లో గీసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

జవాబు: ఎనభైల్లో విజయవాడలో ఓ చిన్న మాసపత్రికకి గీశానమ్మా, కాలేజీలో ఉండగానే. అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా గీసేవాళ్ళం. ముందు లేత నీలం పెన్సిలు, దానిమీద ఇండియన్ ఇంకు. అచ్చుకోసం పేజీని ఫొటో తీసే ప్రెస్సు కెమెరా ఫిల్ముకి ఆ నీలం అందేది కాదు, చెరిపే పనే ఉండేది కాదు. బొమ్మ తగ్గించాక సన్నగీతలు ఎగిరిపోతాయి, దగ్గరదగ్గర గీతలు కలిసి మసిముద్దవుతాయి. న్యూస్‌ప్రింటు ఇంకు పీల్చేస్తుంది మరి. అందుకే మా ఎడిటరుగారు ప్రతి పేజీనీ గోడకి ఆనించి దూరంనుంచి చూసేవారు. అలా చూడటం నేర్పినందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ప్రశ్న అడిగినవారు: మరి మాటల బుడగలు, సార్?

జవాబు: బొమ్మకన్నా ముందు వాటికే చోటు కేటాయించు. మనకి పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. చందమామ శంకర్‌గారి విక్రమార్కుణ్ణి చూడు, భుజాన శవం, చేతిలో కత్తి. ఎంత చిన్నగా అచ్చువేసినా ఆకారం చెదరదు. అదీ నేర్చుకోవాల్సింది.

ఇంకొకరు: ట్యాబైనా సరే చెల్లీ, అచ్చు సైజులో ఒక ప్రింటు తీసి చూడు. పారితోషికం ఎంతో ముందే రాయించుకో.